అనుబంధం

మా రేవులో దీన్ని అనెక్స్ అంటారు.
అనుబంధం అన్నమాట.
పుస్తకం చివర కుట్టిన నాలుగు కాగితాల్లాంటిది.
అసలు పడవ అదిగో, అక్కడ,
నారింజరంగు బుంగకి కట్టేసి ఉంది,
గాలికి ముక్కు తిప్పుకొని.
దానికీ గట్టుకీ మధ్య
నూట యాభై గజాల బూడిదరంగు నీళ్ళు.
అవి దాటించడమొక్కటే దీని పని.

ఏడడుగుల ప్లైవుడ్డు.
వంటింట్లో పాత అరలు పీకినప్పుడు
మిగిలిన చెక్కతో మెరియాడెక్ చేశాడు.
వెనక బల్ల అడుగున ఇప్పటికీ
నేను పెన్సిలుతో రాసుకున్న "ఉప్పు, గోధుమపిండి" కనిపిస్తుంది.
అడుగు గుండ్రం. అదీ దాని జబ్బు.
సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటే ఒరుగుతుంది.
తుమ్మితే ఒరుగుతుంది.
ఆల్చిప్పలు పెంచే ఫాంష్ ఒడ్డున నిలబడి
"అది పడవ కాదు అనైక్, అనుమానం" అన్నాడొకసారి.

బరువైనవాళ్ళు ముందు ఎక్కాలి.
పాదం నడిమధ్యలో పడాలి, అంచు మీద కాదు.
నిలబడి ఆలోచించకూడదు,
ఆలోచనేదైనా ఉంటే కూర్చున్నాక.
తెడ్డు మరిచిపోతే
మళ్ళీ మొదటినుంచీ.

మంగళవారం నుంచీ మాకు మాటల్లేవు.
పెద్ద పడవని అమ్మేద్దామన్నాను.
అతని మోకాలి గురించి కూడా అన్నాను,
అది అనకుండా ఉండాల్సింది.
నాలుగు రోజులు ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి.
శనివారం పదకొండుకి పోటు.
వానలకి పడవలో చేరిన నీళ్ళు తోడాలి,
ఒక్కరి వల్ల కాదు.
నోళ్ళు కుట్టుకొని ఇద్దరం బయల్దేరాం.

మోకాలికి మోకాలు తగిలే చోటు అది.
తెడ్డు వేసేవాడు వచ్చిన దారి చూస్తాడు,
ఎదురు కూర్చున్నది వెళ్ళే దారి చూస్తుంది,
రెండు చూపులకీ మధ్య రెండు మొహాలు.
నేను బాల్చీ వంక చూశాను.

సగం దూరంలో చేపల బోటొకటి పోయింది.
దాని అల మమ్మల్ని చేరేలోపు
అతను ఓ పక్కకి జరిగాడు, చెప్పకుండా.
నేనూ అదే పక్కకి.
అంచు మీదుగా చన్నీళ్ళు నా ఒళ్ళోకి.
రొట్టె తడిసింది.
ఉల్లిపాయలు దొర్లుకుంటూ
మా బూట్ల మధ్య కొచ్చి ఆగాయి.

"జరుగుతున్నా" అన్నాడు.
నాలుగు రోజుల్లో మొదటి మాట.
"ఎటు?"
"కుడికి."
"నీ కుడా, నా కుడా?"
ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళకి
కుడి ఒక్కటి కాదు.
ముప్పై నాలుగేళ్ళలో ఈ సంగతి
మేం ఎప్పుడూ తేల్చుకోలేదు.
"ఫాంష్ షెడ్డు వైపు."
షెడ్డు వైపు అతను, దీపస్తంభం వైపు నేను.
పడవ సర్దుకుంది,
అలక సగమే తీరిన పిల్లలా.

ఇక అన్నీ చెప్పుకున్నాం.
తాడు అందుకుంటున్నా.
ముక్కు తుడుచుకుంటున్నా.
బాల్చీ ఇస్తున్నా, పట్టుకో. పట్టుకున్నా. వదిలెయ్. వదిలేశా.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు అంటారు.
పెట్టకుండా ఎక్కడం ఎలాగో ఎవరూ చెప్పరు.
నొప్పి కాలు పైన, మంచి కాలు కింద,
మధ్యలో నీళ్ళు జానెడు, ఆపైన మూరెడు,
కింది పడవ మెల్లగా జారుకుంటోంది.
ఒక చేత్తో అతని బెల్టు పట్టుకున్నాను,
రెండో చేత్తో పెద్ద పడవ కమ్మీ.
కాసేపు నేనే తాడు.
"ఉన్నావా?" అన్నాడు వెనక్కి చూడకుండా.
"ఉన్నా. ఎక్కు."

ముప్పై రెండు బాల్చీలు తోడాం.
అమ్మకం మాట ఎత్తలేదు.
ఎత్తకపోవడం మానుకోవడం కాదని అతనికీ తెలుసు.
రొట్టె పక్షులకి వేశాం,
ఉల్లిపాయలు వెన్నలో వేయించుకొని తిన్నాం.
వెనక, తాడు చివర, అనెక్స్.
ఎవరూ లేనప్పుడు
ఎంత బుద్ధిగా, ఎంత నిటారుగా
నిలబడి ఉందో, దొంగముండ.